ఆఖరి సీన్లో మారాల్సిన టీచరు

లెక్కల టీచరు మెత్తబడుతుందని బడంతా నమ్మింది. మెత్తబడదేమోనన్న అనుమానం ఆమె ఒక్కదానికే ఉంది, అదీ కొద్దిగా. సోమవారం పొద్దున్నుంచీ స్టాఫ్ రూములో ఆమె కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే కిటికీ దగ్గరికి పోవాలనిపిస్తుంది. కిటికీ దగ్గరికి పోతే వాలీబాల్ కోర్టు కనిపిస్తుంది. దాంతో మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. గంట కొట్టే అటెండరు కూడా ఆమెను చూసి నవ్వి, "ఇంకా కోపంగానే ఉన్నారా మేడమ్? ఉండండుండండి, శనివారం దాకా అంతేగా" అని వెళ్ళిపోయాడు.

ఆమెకు కోపం లేదు. ఆ సంగతి ఎవరూ నమ్మరు.

విషయం ఇది. పదో తరగతిలో ఒక పొడుగాటి పిల్ల ఉంది. పేరు హాజరు పిలిచేటప్పుడు మాత్రమే పనికొస్తుంది, మిగతా వేళల్లో అందరికీ ఆ పిల్ల నిచ్చెనే. వాలీబాల్ జట్టుకు కెప్టెన్. నెట్ దగ్గర ఎగిరి కొట్టిందంటే అవతలివాళ్ళు బంతిని కోర్టు బయటికి పోయి వెతుక్కోవాల్సిందే. ఆ పిల్ల పుణ్యమా అని ఈ బడి జట్టు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఫైనల్‌కు వచ్చింది. ఫైనల్ శనివారం మధ్యాహ్నం, ఈ బడి మైదానంలోనే. బడిలో నిచ్చెనకు ఇదే ఆఖరి ఏడు, ఆఖరి ఆట.

తిరకాసు ఇక్కడే వచ్చింది. పోటీలు నడిపే సంఘానికి ఒక నియమం ఉంది. ఫైనల్‌కు ముందు పెట్టే పరీక్షలో అన్ని సబ్జెక్టులూ గట్టెక్కినవాళ్ళే ఆడాలి. నిచ్చెన మిగతా అన్నిటినీ ఈదింది గానీ లెక్కల్లో మునిగింది. మామూలుగా మునగలేదు, బుడగలు కూడా పైకి రాలేదు. తప్పినవాళ్ళకు ఒక్కసారి మళ్ళీ రాసే వీలుంది. అది శనివారం పొద్దున. ఆ పేపరు తయారుచేసేదీ, దిద్దేదీ, పాసయిందని సంతకం పెట్టేదీ లెక్కల టీచరే.

జట్టు కోచ్ ఎవరో కాదు, ఆమె మొగుడే. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే మరి.

ఆ కోచ్‌కు ఒక అలవాటు ఉంది. ప్రతి శుక్రవారం సాయంత్రం సైన్సు ల్యాబులో కర్టెన్లు మూసి జట్టు పిల్లలకు ఆటల సినిమా ఒకటి వేస్తాడు. బడి పిల్లలు ఆడి గెలిచే కథలన్నమాట. పిల్లల రక్తం మరగడానికి అంతకు మించిన మందు లేదని ఆయన నమ్మకం. ల్యాబు తాళాలు లెక్కల టీచరు దగ్గర ఉంటాయి కనుక ఏళ్ళ తరబడి ఆమె కూడా వెనక స్టూలు మీద కూర్చుని అవన్నీ చూసింది. చూసి చూసి ఆమెకు ఒకటి అర్థమైంది. ఆ సినిమాల్లో బడి ఉంటుంది, చదువు ఉండదు. తరగతి గది అంటే హీరో కిటికీలోంచి మైదానం వైపు చూడడానికి కట్టిన గది. బోర్డు మీద ఎప్పుడూ ఒకటే లెక్క ఉంటుంది, అదీ తప్పుగా ఉంటుంది. లెక్కలు చెప్పే మనిషికి కళ్ళజోడు తప్పనిసరి. ఆ మనిషికి ఇల్లూ వాకిలీ ఉండవు, ఆకలి దప్పులు ఉండవు, హీరో కాళ్ళకు అడ్డం పడడం తప్ప వేరే పని ఉండదు. హీరో పరీక్ష తప్పాక ఒక పాట వస్తుంది. పాట మొదట్లో పుస్తకం తలకిందులుగా పట్టుకున్నవాడు పాట అయ్యేసరికి పాసైపోతాడు. మధ్యలో వాడు ఎక్కడ ఇరుక్కున్నాడో, ఎలా బయటపడ్డాడో ఎవరికీ పట్టదు. కప్పు ఎత్తగానే సినిమా అయిపోతుంది. మర్నాడు పొద్దున్నే బడికి పోవాలన్న సంగతి ఆ సినిమా తీసినవాళ్ళకు గుర్తుండదు. ఓడిపోయిన జట్టు సంగతి సరేసరి. వాళ్ళూ తెల్లారకముందే లేచి పరుగెత్తినవాళ్ళేననీ, వాళ్ళకూ ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లులు ఉంటారనీ ఒక్క సినిమాలోనూ చెప్పలేదు.

ఆఖరి సీన్లో మాత్రం కళ్ళజోడు టీచరు మారిపోతుంది. సంతకం చేసిన కాగితం పట్టుకుని మైదానానికి పరుగెత్తుకొస్తుంది. ఆ సీను వచ్చినప్పుడల్లా పిల్లలు వెనక్కి తిరిగి స్టూలు మీదున్న లెక్కల టీచరును చూసి కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆమె కూడా కళ్ళజోడు సవరించుకుని నవ్వేది. ఇప్పుడు అదే ఆమె మెడకు చుట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమెకు సినిమాలంటే ప్రాణం. కోడలు చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏమ్మాయ్, ఆ పొడుగుపిల్లకి నాలుగు మార్కులు పడేస్తే నీ సొమ్మేం పోయింది?"

"నాలుగు కాదత్తయ్యా. మొత్తం మార్కులు చూస్తే మీరు కళ్ళు తిరిగి పడిపోతారు."

"అయితే ఇంకా మంచిది. మొదట్లో ఎంత తక్కువొస్తే చివర్లో అంత బాగుంటుంది."

కోచ్ సోఫాలో కూర్చుని బంతిలో గాలి సరిచూస్తున్నాడు. పెళ్ళాం మొహం చూడడం లేదు. ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మీరు ఆ పిల్లకి ఏం చెప్పారు?"

"ఏం చెప్పాను? ప్రాక్టీసు మీద దృష్టి పెట్టమన్నాను. మేడమ్ సంగతి నాకొదిలెయ్ అన్నాను."

"అంటే?"

"అంటే ఏముంది... నువ్వు మంచిదానివని చెప్పాను." ఆయన నిజంగానే పొగిడాననుకున్నాడు. "పైకి అలా ఉంటావు గానీ ఆఖరికి చేస్తావని నాకు తెలుసు. అందరికీ తెలుసు."

ఆమెకు ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది. మంచిదానివని కట్టిపడేస్తే ఎటు పోవాలి? కాఫీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పిల్ల చదవడం లేదు. ఎందుకు చదువుతుంది? సినిమా చూసినవాళ్ళెవరైనా ముగింపు కోసం కష్టపడతారా?

మంగళవారం బడి వదిలాక ఆమె నిచ్చెనను కోర్టులోకి పిలిచింది. చేతిలో సుద్దముక్క. ఒప్పుకోవడానికి సిగ్గుపడింది గానీ ఆ ఉపాయం ఆమె సినిమాలో చూసిందే. పిల్లకు వచ్చిన ఆటలోంచే లెక్క చెబితే దీపం వెలిగినట్టు బుర్రలో వెలుగుతుందట. నేల మీద గీతలు గీసింది. నెట్ ఇక్కడ, నువ్వు ఇక్కడ, బంతి ఇలా వెళ్ళాలి, మరి ఎంత కోణంలో కొడతావు అంది.

నిచ్చెన ఆ గీతల్ని చాలా మర్యాదగా చూసింది.

"నేను కోణం చూసి కొట్టను టీచర్. ఖాళీ చూసి కొడతాను."

"ఆ ఖాళీ ఎంత దూరంలో ఉందో తెలియాలి కదా?"

"తెలుస్తుంది. ఎంతో మాత్రం తెలీదు."

టీచరుకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సుద్దముక్క పారేసి పిల్లను మెట్ల మీద కూర్చోబెట్టింది. "సరే, పెద్ద లెక్కలు వద్దు. సగంలో సగం ఎంత?"

నిచ్చెన చాలాసేపు ఆలోచించింది. "బాగా కొంచెం టీచర్."

అప్పుడు తెలిసింది గొయ్యి ఎంత లోతో. సమీకరణాలు రావని ఇన్నాళ్ళూ అనుకుంది. ఈ పిల్లకు భిన్నాలే రావు. పునాది లేని గోడకు సున్నం కొడుతున్నట్టయింది ఆమె పని.

"భిన్నాలు ఆరో తరగతిలో చెప్పాను కదే. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే టీచర్. కోర్టులో. మూడో పీరియడ్ కదా."

నిచ్చెన దాపరికం లేకుండా చెప్పింది, అందులో దాచాల్సిందేమీ లేదు గనుక. మూడో పీరియడ్‌లో బడి కట్టడం నీడ సరిగ్గా కోర్టు మీద పడుతుంది. ఆ ఒక్క గంటే అక్కడ ఎండ ఉండదు. అందుకని జట్టు పిల్లల్ని కోచ్ రోజూ ఆ గంటలోనే తీసుకుపోయేవాడు. మూడో పీరియడ్ ఏటేటా లెక్కలే. ఈ పిల్లను లెక్కల నుంచి తప్పించాలని ఎవరూ కుట్ర పన్నలేదు. నీడ అక్కడ పడింది, అంతే. లెక్కల టీచరు కూడా ఏనాడూ అడ్డుచెప్పలేదు. జట్టు పిల్లలు పోతే తరగతి నెమ్మదిగా ఉండేది. ఆ నెమ్మది ఆమెకు హాయిగానే ఉండేది.

ఇంటికి పోయి మొగుడి మీద విరుచుకుపడింది. "నాలుగేళ్ళు నా క్లాసులోంచి పిల్లని తీసుకుపోయారు!"

"నువ్వు పంపావు కదా?"

ఆమె చేతిసంచి బల్ల మీద పడేసింది.

"ఎండలో ఆడించమంటావా పసిపిల్లల్ని?" అన్నాడాయన, ఈసారి గొంతు తగ్గించి. కొంచెం ఆగి, "ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నాడు. ఆ 'చేద్దాం' విని ఆమె కోపం సగం చల్లారింది. కానీ ఆయన అడిగింది మార్కుల గురించో పిల్ల గురించో ఆమెకు తేలలేదు. అత్తగారు టీవీలో ఏదో చూస్తూ "చూశావా, ఈవిడ కూడా చివరికి మారింది" అని గదిలోంచి కేకేసింది.

ఆ వారం పాట రాలేదు. బుధవారం నిచ్చెనకు సగమూ పావూ అర్థమయ్యాయి. గురువారం పొద్దున్నకి పావు మాయమైంది. కాగితాలు మడిచి చింపి చూపిస్తే వచ్చింది, కాగితం లేకపోతే పోయింది. కింద ఉన్న అంకె పెద్దదైతే ముక్క చిన్నదవుతుందనే మాట ఆ పిల్లకు కొరుకుడు పడలేదు. "ఎనిమిది నాలుగు కంటే పెద్దది కదా టీచర్, మరి ఎనిమిదో వంతు ఎందుకు చిన్నది?" అని పదిసార్లు అడిగింది. పదకొండోసారి పెన్ను విసిరికొట్టి వెళ్ళిపోయింది. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి, పెన్ను ఏరుకుని కూర్చుంది.

గురువారం సాయంత్రం ఇంట్లో నిలవబుద్ధి కాక లెక్కల టీచరు వీధిలో పడింది. ఎటు పోతోందో తెలియకుండానే నిచ్చెన వాళ్ళమ్మ కుట్టు దుకాణం ముందు తేలింది. ఇరుకు గది, ఒక కుట్టుమిషను, గోడ నిండా వేలాడే బట్టలు. ఆవిడ మిషను ఆపకుండానే స్టూలు చూపించింది.

"మార్కుల గురించి మాట్లాడడానికి వచ్చారా టీచర్?"

"ఊరికే వచ్చాను."

"అందరూ నన్ను మీ కాళ్ళు పట్టుకోమంటున్నారు." ఆవిడ దారం పంటితో కొరికింది. "పట్టుకుందామనే అనుకున్నాను. కానీ చూడండి ఇది." బల్ల కింద నుంచి ఒక చొక్కా తీసింది. ఒక చెయ్యి మోచేతి కిందికి ఉంది, రెండోది మోచేతి పైనే ఆగిపోయింది. "ముప్పావు చెయ్యి కత్తిరించమంటే ఇదీ మా అమ్మాయి పని. టేపు చేతిలోనే ఉంది, అయినా కళ్ళతో చూసి కత్తిరిస్తుంది. బంతి అయితే కళ్ళతో చూసి కొట్టొచ్చు. గుడ్డ ఊరుకుంటుందా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"దానికి ఆ ఆట తప్ప ఏమీ లేదు టీచర్. అక్కడే అది మహారాణి. వేసెయ్యండి ఆ మార్కులు." మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా ఆగిపోయింది. "వద్దులెండి. వెయ్యకండి. అయ్యో, నాకేం తెలుసు, మీ ఇష్టం."

ఆ తల్లి పనీ, ఈ టీచరు పనీ అడకత్తెరలో పోకచెక్కే అయింది. తిరిగొచ్చేటప్పుడు లెక్కల టీచరు ఆవిడ పాత టేపు ఒకటి అడిగి తెచ్చుకుంది. శుక్రవారం ఆ టేపు పట్టుకుని బల్లలు, తలుపులు, నిచ్చెన చేతులు, కాళ్ళు అన్నీ కొలిపించింది. టేపు మీద ఎనిమిదో వంతు నాలుగో వంతు కంటే చిన్నగా కళ్ళకు కనబడింది. "ఓహో, ఎక్కువమందికి పంచితే తక్కువ వస్తుంది, అంతేనా? అంత చిన్నదానికి ఇంత గొడవా!" అని నిచ్చెన బడి అదిరేలా అరిచింది.

పక్క ల్యాబులో ఆ సాయంత్రం కూడా సినిమా నడుస్తోంది. జట్టులో నిచ్చెన ఒక్కతే అక్కడ లేదు. గోడలోంచి సంగీతం వస్తుంటే పిల్ల చెవి అటే ఉంది. ఉన్నట్టుండి వయొలిన్లు మొదలయ్యాయి.

"ఇది టీచర్ మారే సీను," అంది నిచ్చెన లెక్కలోంచి తలెత్తకుండా. తర్వాత తలెత్తింది. "మీరు కూడా మారతారు కదా టీచర్?"

"నువ్వు పాసైతే నేను మారాల్సిన పనే లేదు."

"కాకపోతే?"

"లెక్క చూడు," అంది లెక్కల టీచరు, కిటికీ మూస్తున్నట్టు లేచి అటు తిరిగి.

శనివారం పొద్దున నిచ్చెన పరీక్ష రాసింది. మేడ మీద చివరి గది. కిటికీలు రోడ్డు వైపు ఉంటాయి, మైదానం కనబడదు. లెక్కల టీచరు అక్కడే, పిల్ల ఎదురుగానే దిద్దడం మొదలుపెట్టింది. మొదటి పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చిన పిల్ల ఇప్పుడు భిన్నాలన్నీ చేసింది. కొట్టేసి మళ్ళీ చేసింది. ఒకచోట సగంలో సగానికి పక్కన చిన్న టేపు బొమ్మ కూడా గీసుకుంది. కూడితే పాసవడానికి మూడు మార్కులు తక్కువయ్యాయి.

మళ్ళీ మొదటి నుంచి దిద్దింది. ఒకచోట ఒక మెట్టు సరిగ్గా ఉంటే చూడలేదు, దానికి ఒకటి వేసింది. ఇంకా రెండు. మూడోసారి దిద్దింది. భూతద్దం వేసి వెతికినట్టు వెతికింది. ఎక్కడా లేవు. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. రెండంటే రెండు. ఎవరికీ తెలియదు, తెలిసినా చప్పట్లు కొడతారు. నిజం చెప్పాలంటే, వేసెయ్యాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంది. ఆ టేపు బొమ్మ చూసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ ఈ వారం ఈ పిల్ల సంపాదించినవి నిజమైన మార్కులు. ఈ పిల్లకు లెక్కల్లో వచ్చిన మొదటి నిజమైన మార్కులు అవి. వాటిలో రెండు దొంగవి కలిపితే ఏవి తనవో ఈ పిల్లకు ఎప్పటికీ తెలియదు. కడివెడు పాలకు ఒక్క చుక్క విషం చాలంటారు.

తలుపు దగ్గర అలికిడైంది. కోచ్ వచ్చాడు. చేతిలో నిచ్చెన జెర్సీ, ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంది. వెనక మెట్ల మీద జట్టు పిల్లలు మెడలు సాచి చూస్తున్నారు.

"అయిందా?" అన్నాడాయన. మొహమంతా నవ్వు.

"రెండు తక్కువ," అంది లెక్కల టీచరు.

ఇంకో మాట వస్తుందని అందరూ ఎదురుచూశారు. కోచ్ నవ్వు ఇంకా అలాగే ఉంది, దించడం మరిచిపోయినట్టు. నిచ్చెన టీచరు మొహంలోకి చూస్తూ, నాటకంలో తోటివాళ్ళు మాట మరిచిపోతే అందించినట్టు, మెల్లగా అంది.

"ఇప్పుడు మారాలి కదా టీచర్ మీరు."

"మారను తల్లీ," అంది లెక్కల టీచరు. "మారలేను."

కోచ్ జెర్సీని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. వెనక్కి తిరిగి, జట్టులో అందరికంటే పొట్టి పిల్లను, గోలీ అని పిలుచుకునేదాన్ని, చేయి పట్టుకుని తీసుకుపోయాడు. నిచ్చెన చోట ఆడాల్సింది ఆ పిల్లే.

నిచ్చెన కిందికి వెళ్ళనంది. మామూలు బట్టల్లో బెంచీ మీద కూర్చుంటే చచ్చిపోయినట్టుంటుందట. లెక్కల టీచరు కూడా వెళ్ళలేదు. పిల్లను ఒక్కదాన్నీ వదిలి ఎలా పోతుంది? మధ్యాహ్నం ఆట మొదలైంది. కనబడేది రోడ్డు, వినబడేది మైదానం. అరుపులు వస్తున్నాయి, ఎవరివో తెలియడం లేదు. లెక్కల టీచరు బోర్డు దగ్గర నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బోర్డు దాకా తిరుగుతూనే ఉంది. నిచ్చెన బల్ల మీద తల పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్క చప్పుడూ విని చెబుతోంది.

"అది మన సర్వు. వెళ్ళిపోయింది. ఇది వాళ్ళది. గోలీ ఆపింది."

"గోలీ అని ఎలా తెలుసు?"

"అది కొట్టేటప్పుడు కీచుమంటుంది టీచర్."

చాలాసేపటికి ఒక పెద్ద కేక లేచింది. ఆగుతుందనుకుంటే ఆగలేదు. ఇంతలో అటెండరు బడి గంట పట్టుకుని పిచ్చి పట్టినట్టు వాయించడం మొదలుపెట్టాడు. అనుమానం లేదు.

"గెలిచాం," అంది నిచ్చెన తలెత్తి. మొహం తెల్ల కాగితంలా ఉంది. "నేను లేకుండానే."

ఆ సినిమాల్లో ఏ ఒక్క దాంట్లోనూ ఇలాంటి సీను లేదు. హీరో లేకుండా జట్టు గెలవడమా? జట్టంటే అంతేనమ్మా, అందరూ గెలిస్తే నువ్వు గెలిచినట్టేనమ్మా అని ఏవేవో లెక్కల టీచరు నోటిదాకా వచ్చాయి. అవి చెప్పడానికి నాలుక తిరగలేదు. వచ్చి పిల్ల పక్కన అదే బల్ల మీద ఇరుక్కుని కూర్చుంది.

"ఒకటి చెబుతాను, ఎవరితోనూ అనకు. మనవాళ్ళు ఓడిపోవాలని కోరుకున్నాను."

నిచ్చెన ఆమె వైపు తిరిగింది.

"ఓడిపోతే అందరూ నన్నే తిట్టేవాళ్ళు. తిట్టించుకుందామనే అనుకున్నాను. నువ్వు లేకపోతే జట్టు లేదని ఊరంతా అనుకునేది. నీకు ఆ మాటైనా మిగిలేది. మా ఆయన జట్టు, నా బడి జట్టు, అయినా చప్పుడు వచ్చిన ప్రతిసారీ అది అవతలివాళ్ళది కావాలనుకున్నాను. సిగ్గుగా ఉంది నాకు."



"నేనూ అంతే టీచర్. గోలీ చెయ్యి జారాలని మొక్కుకున్నాను." మాట విరిగిపోయింది. "గోలీ నా ఫ్రెండ్ టీచర్. రోజూ నాతోనే ఇంటికొస్తుంది."

అప్పుడు ఏడ్చింది. వారమంతా ఏడవని పిల్ల, పరీక్ష తప్పినా ఏడవని పిల్ల, నిలువెత్తు మనిషి బల్ల మీద కూలబడి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల మోత మొదలైంది. నిచ్చెనా, నిచ్చెనా అని పేరు పెట్టి అరుస్తూ జట్టంతా పైకి వస్తోంది. లెక్కల టీచరు ఒక్క గెంతులో తలుపు దగ్గరికి పోయి గడియ వేసింది.

"తలుపు తియ్యవోయ్!" కోచ్ గొంతు, సంతోషంతో బొంగురుపోయింది. "గెలిచాం! కప్పు కెప్టెనే పట్టుకోవాలట. ఫొటో కోసం అందరూ ఆగారు, పిల్లని పంపు!"

"ఆగమనండి."

"ఏంటీ?"

"ఫొటోవాళ్ళని ఆగమనండి. పిల్ల ఏడుస్తోంది. ఏడవడం అయ్యాక వస్తుంది."

బయట ఎవరో పిల్ల, "అబ్బా, ఈ మేడమ్ ఇంకా మారలేదే!" అంది. అందరూ కలిసి తలుపు బాదడం మొదలుపెట్టారు. లెక్కల టీచరు తలుపుకు వీపు ఆనించి, కాళ్ళు నేలకు గట్టిగా తన్నిపెట్టి నిలబడింది. నిచ్చెన ఏడుస్తూనే ఉంది. తొందరపడమని ఆమె అనలేదు.